దర్జీ ఇంటి ముందు తప్పేలాల మోత

టామ్సిన్ వియర్ బొమ్మలకు రంగులద్దేది. భర్త పోయాక పదకొండేళ్ళు కల్మ్‌ఫోర్డ్ ఊళ్ళో లస్కం గారి అచ్చుబొమ్మల దుకాణం వెనక గదిలో కూర్చుని, సిపాయి కోటుకు ఎరుపు, బుగ్గలకు గులాబీ, గాడిదకు బూడిదరంగు అద్దుతూ బతికింది. లస్కం గారు మంత్రుల్నీ, పాదిరీల్నీ, బొజ్జదొరల్నీ రాగిరేకు మీద ఎగతాళిగా చెక్కి కాగితాల మీద అచ్చువేసేవారు. జనం దుకాణం అద్దానికి ముక్కులానించి చూసి పడీ పడీ నవ్వేవారు. అందరికంటే గట్టిగా టామ్సిన్ నవ్వేది. నోరున్న మనిషి. నీళ్ళ పంపు దగ్గర ఆమె కబుర్లు మొదలుపెడితే బకెట్లు నిండి పొర్లుతున్నా ఆడవాళ్ళు కదిలేవారు కారు.

ఆ అక్టోబరులో ఆమె తెచ్చిన కబురు దర్జీ ఓబెడ్ ట్రాస్క్ గురించి.

"ఏమర్రా, విన్నారా? డమారిస్ నిన్న మొగుణ్ణి గరిటెతో వాయించింది! కిటికీలోంచి నా కళ్ళతో చూశా. ఆయన గొర్రెపిల్లలా తల వంచుకుని నిలబడ్డాడు."

"అయ్యో, ఎందుకంట?"

"ఎందుకైతే ఏం? ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలిసిపోయిందిగా!"

మూడో రోజుకల్లా ఊరు ఊరేగింపు కట్టింది. పెళ్ళాం చేత దెబ్బలు తిన్న మొగుడికి ఆ వైపున జరిగే మర్యాద అదే. గడ్డితో మొగుడూ పెళ్ళాల బొమ్మలు చేసి, గాడిద మీద వీపూ వీపూ ఆనించి కూర్చోబెట్టి, ఆడబొమ్మ చేతికి గరిటె కట్టారు. మధ్యాహ్నం మూడింటికి, మబ్బు పట్టిన వెలుతురులో, మాంసం కొట్టువాళ్ళు ఎముకలతో కత్తుల్ని మోగిస్తూ ముందు నడిచారు. వెనక తప్పేలాలు, మూతలు, బూరలు. టామ్సిన్ తన మూకుడు పట్టుకుని వెళ్ళింది.

ఆమె పక్కన ఎద్దుకొమ్ముల కొయ్యముసుగు తొడుక్కున్న మనిషి నడిచాడు. ఆ ముసుగు సత్రం గోడకు వేలాడుతుండేది. ఎవరు ముందు అందుకుంటే ఆ రోజుకు వాళ్ళది. అంత మోతలోనూ అతని చేతిలోని కెటిల్ నుంచి సన్నగా టిక్కు టిక్కుమని వినిపిస్తోంది.

"గట్టిగా కొట్టవయ్యా! పొద్దున రొట్టె తినలేదా?" అని వేళాకోళమాడింది టామ్సిన్.

ముసుగు ఆమె వైపు తిరిగి కాసేపు అలాగే ఉండిపోయింది.

ట్రాస్క్ ఇంటి ముందు గంటసేపు వాయించారు. తలుపు తెరుచుకోలేదు. చివరకు గడ్డిబొమ్మల్ని వంతెన మీంచి ఏట్లోకి తోసేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

మర్నాటి నుంచి ఓబెడ్ ఎవరికీ కనిపించలేదు. సిగ్గుపడి ఏ చుట్టాలింటికో పోయుంటాడనుకున్నారు.

నవంబరులో లస్కం గారి కొత్త బొమ్మ అచ్చయింది. గాడిదా, గరిటే, తప్పేలాలూ అన్నీ ఉన్నాయి. టామ్సిన్ పన్నెండో కాగితానికి రంగు వేస్తూ ముసుగు మనిషి చేతి దగ్గర కుంచె ఆపింది.

"అయ్యా, ఈయన వేలికి ఏదో గీశారు. ఏంటిది?"

"ఏమో. చూసింది గీశాను. ఉంగరం అయ్యుంటుంది."

"ఉంగరం వేలి మొదట్లో ఉంటుంది కదండీ. ఇది కొసన ఉంది."

ఆయన భూతద్దం ఇచ్చారు. అందులో చూస్తే అది ఉంగరం కాదు, చిన్న చిన్న గుంటలున్న ఇత్తడి టోపీ. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా, సూదిని నెట్టే చేతి వేలికి తొడుక్కునే అంగుస్తాన్. బొమ్మలో అది కుడిచేతికి ఉంది. రాగిరేకు మీద ఉన్నది కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. లస్కం గారు బద్ధకించి, ముందే తిప్పి గీయరు. బొమ్మలో సత్రం కూడా వీధికి అవతలి వైపే పడింది. అంటే ఆ రోజు అంగుస్తాన్ ఉన్నది ఎడమచేతికి. ఆ ఊళ్ళో ఎడమచేత్తో కుట్టే దర్జీ ఓబెడ్ ఒక్కడే.

టామ్సిన్ కుంచె పక్కన పెట్టేసింది. తడి ఆరని కాగితాన్ని అలాగే పట్టుకుని ట్రాస్క్ ఇంటికి నడిచింది.

డమారిస్ బొమ్మను చాలాసేపు చూసింది.

"పై గదిలో గడియ వేసుకున్నాడనుకున్నా," అంది. "మీరంతా వాయిస్తున్నంతసేపూ ఆ తలుపు దగ్గరే కూచుని మాట్లాడుతూ ఉన్నా. నన్ను క్షమించమన్నా. చచ్చిపోయిన మా పిల్ల గురించి ఎప్పుడూ చెప్పుకోనివన్నీ చెప్పుకున్నా. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వింటున్నాడనే అనుకున్నా. సాయంత్రం తలుపు బద్దలు కొట్టి చూస్తే పెరటి కిటికీ తెరిచుంది."

"అసలు ఎందుకు కొట్టావమ్మా ఆయన్ని?"

"పిల్ల గౌను పెట్టెలో దాచుకున్నా. తెలియక దాన్ని కత్తిరించి ఎవరి కోటుకో అస్తరు వేశాడు. ఒక్క దెబ్బ కొట్టా. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ఒక్కటే."

"ఆ కబురు పంపు దగ్గర చెప్పింది నేనే," అంది టామ్సిన్.

"తెలుసు. నీ గొంతు మా ఇంటిదాకా వినబడుతుంది." తర్వాత డమారిస్ తల ఎత్తి అడిగింది: "ఎట్లా కొట్టాడు?"

"ఏంటి?"

"కెటిల్‌ని. కోపంగానా, మెల్లగానా?"

"మెల్లగా," అంది టామ్సిన్. "చాలా మెల్లగా."

ఇద్దరూ వారం రోజులు ఏటి గట్టున వెతికారు. పిండిమర దగ్గర ఇసుకదిబ్బ మీద కొమ్ముల ముసుగు దొరికింది. మనిషి దొరకలేదు. ఏ ఊరి నుంచీ కబురూ రాలేదు.

సంతకు రెండు వందల బొమ్మలు కావాలని లస్కం గారు పట్టుబట్టారు. ఇక ఆ బొమ్మకు కుంచె తాకించనని టామ్సిన్ ఖరాఖండిగా చెప్పి పని మానేసింది. మొగుడు లేకపోయినా డమారిస్ నడుపుతున్న దర్జీకొట్లో గుండీలు కుట్టడానికి కుదురుకుంది. అక్కడ సాయంత్రం కాగానే డమారిస్ సూది పక్కన పెట్టి మేడ మీద ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళేది. కింద కూర్చున్న టామ్సిన్‌కు ఆమె గొంతు వినబడేది. ఆ రోజు ఎవరెవరు వచ్చారో, ఏ గుడ్డ చిరిగిందో వివరంగా చెబుతున్న గొంతు. మధ్యమధ్య ఆగేది, అవతలి మాట వింటున్నట్టు. మొదట్లో ఆ నిశ్శబ్దాలకు టామ్సిన్ చేతిలో సూది జారిపోయేది. ఏళ్ళు గడిచాక, ఆ గొంతు ఆగినప్పుడల్లా తానూ ఊపిరి బిగబట్టి వింటున్నానని గమనించింది.

ఓబెడ్ కనిపించకుండా పోయిన మరుసటి ఏడు చెప్పులు కుట్టే అతని ఇంటి మీదికి ఊరేగింపు కట్టి, ముసుగులతో కుర్రాళ్ళు గుమ్మంలోకొచ్చారు.

"టామ్సిన్ అత్తా, మూకుడు తీసుకుని రా! నువ్వు లేకపోతే సందడేముంది?"

"వస్తా. ముందు ఆ ముసుగులు తీయండి. పోయినేడు ఓ ముసుగు కింద ఉన్నది ఓబెడే. మీలో ఎవరెవరున్నారో ఒకరి మొహం ఒకరు చూసుకోండి."

నవ్వారు. కానీ ఎవరి చెయ్యీ ముసుగు మీదికి వెళ్ళలేదు. పక్కవాణ్ణి చూసి పక్కవాడు ఒక్కడుగు జరిగాడు. వెనకాల ఎవరో తప్పేలా దించేశారు. ఇద్దరేసి ముగ్గురేసిగా సందులు పట్టుకుని వెళ్ళిపోయారు.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, ఓ మంచు పడుతున్న ఉదయం డమారిస్ నిద్రలోనే పోయింది. చర్చి పుస్తకం తెరిచి, ట్రాస్క్ గారి భార్య అని రాయాలా, విధవ అని రాయాలా అని పాదిరీ అడిగారు. టామ్సిన్ కలం సిరాలో ముంచి ఆయన చేతికిచ్చింది.

"భార్య అనే రాయండయ్యా," అంది.