కూలిన దీపస్తంభం, పళ్ళాయన తీర్పు

నా కింది దవడ పళ్ళ కోసం పళ్ళాయన దుకాణంలో పడిగాపులు కాయడం ఉద్యోగంలా తయారైంది. ఊళ్ళు పట్టుకు తిరిగేవాణ్ణి ఒకచోట కూలేస్తే అరికాళ్ళు ఊరుకోవు. ఆయనేమో రోజూ "రేపిచ్చేస్తాను బాబాయ్" అనేవాడు. మాట తప్పే మనిషి కాదని వీధంతా చెప్పుకుంటారు. ఆ వారం మాత్రం మనిషి మనిషిలో లేడు.

ఆయన డాక్టరు కాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేసి, మైనం మీద ఒక్కొక్క పన్నూ పేర్చి కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. ఆఖర్న మెరుగు పెట్టడం భార్య పని. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఒద్దికగా కూర్చోవాల్సినంత గది. కిటికీ గట్టు మీద వరసగా ఎవరెవరివో దవడలు. ఎవరివో తెలీకుండా అన్ని నవ్వులు ఒకేసారి చూడటం అంత సుఖంగా ఉండదు.

ఆయనకి ఇంకో కొలువు కూడా ఉంది, జీతం లేనిది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి సముద్రపు ఒడ్డున ఊరు కట్టుకునే ఆన్‌లైన్ ఆట ఒకటుంది. బావమరిది ఒకసారి ఫోన్లో పెట్టిచ్చి తను మానేశాడు, ఈయన అతుక్కుపోయాడు. చిన్నప్పుడు అక్కలు ఏది పంచుకోవాలన్నా వీడి చేతికే ఇచ్చేవారట, తన వాటా చిన్నదైనా నోరెత్తడని. ఆ గుణం ఆటలోనూ బయటపడింది కాబోలు, కాపలాదారుల్లో ఒకణ్ణి చేశారు. గొడవ చేసినవాళ్ళని, ఇతరులు కట్టింది పాడుచేసినవాళ్ళని వెలేసే అధికారం కాపలాదారులది.

నేను తిరిగిన ఊళ్ళలో ఫిర్యాదుల పెట్టె అంటే గోడకి నగ. ఒక రేవులో అయితే దాని చిల్లులోంచి పిచ్చుక రాకపోకలు సాగించడం చూశాను. అక్కడి గుమాస్తా ఆ గూడు చూపించి, మా దగ్గర ఏదీ వృథా పోదండీ అన్నాడు. ఈ ఆటవాళ్ళు నయం. వెలేసినవాళ్ళు ఒక్కసారి అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని తీర్పిచ్చిన కాపలాదారు వినకూడదు, మరొకరు వినాలి. వినేవాళ్ళు అడిగితేనే మొదటివాడు నోరు విప్పాలి. అడిగాక గడువులోగా జవాబివ్వకపోతే మొదటి తీర్పే ఖాయం. ఆ పైన చెప్పుకునే చోటు లేదు.

పళ్ళాయన వెలేసింది ఉప్పుబుట్ట అనే ఆవిణ్ణి. అది ఆటలో ఆవిడ పెట్టుకున్న పేరు. ఒకాయన నెలల తరబడి కట్టుకున్న దీపస్తంభం నేలమట్టమైంది. ఆయన లబోదిబోమంటూ ఫిర్యాదు చేశాడు. ఎవరేం చేసిందీ ఆట తనంతట తానే రాసిపెట్టే చిట్టా ఒకటుంటుంది. పళ్ళాయన అది తెరిచి చూస్తే, ఉప్పుబుట్ట రాళ్ళు తీసింది, తీసింది, తీసింది, ఆ తర్వాత స్తంభం పడింది, ఆనక తుఫాను. పునాది గుల్లచేసిందని తేల్చి తలుపు మూసేశాడు.

మూసేసిన తలుపు ఆవిడొక్కదానిదే కాదు. ఆటలో ఆవిడ చెల్లెలిది పక్కిల్లు. బయట ఇద్దరివీ వేరే ఊళ్ళు, వేరే పనివేళలు. కష్టసుఖాలు మాట్లాడుకునేది ఆ గడపల మీదే. అప్పీలు పోతే అక్క ఇల్లు కూడా తీసేస్తారు. సాయంత్రాలు పళ్ళాయన ఆటలో ఆ వీధిన పోయినప్పుడల్లా చెల్లెలి తరఫున తిరిగే బొమ్మ అక్క వాకిట్లో నిలబడి ఉండేది.

అప్పీలు వింటున్నది ఆటలో పెద్దక్క అని పేరున్న ఇంకో కాపలాదారు. ఆ ఆటలో పాతకాపు. పళ్ళాయన ఆవిడ మొహం ఎన్నడూ చూడలేదు. ఆవిడ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"తమ్ముడూ, చిట్టా ఇంట్లో కంప్యూటర్‌లో చూశావా, ఫోన్లోనా?"

అప్పటి నుంచీ ఈయనకి కుదురు లేదు. టీ తెప్పించి చల్లార్చేవాడు. మైనం కరగబెట్టి మర్చిపోయేవాడు. గుమ్మం దాకా వెళ్ళి ఎందుకెళ్ళాడో తెలీక తిరిగొచ్చేవాడు. నాతో మాత్రం, ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి పట్టుకుని ఇదేం ప్రశ్న అని గొణిగాడు. చిట్టా మళ్ళీ తెరిచి చూశావా అన్నాను. ప్లాస్టర్ గిన్నె కడగడానికి లేచాడు. గిన్నె అప్పటికే కడిగి ఉంది.

భార్య మెరుగుయంత్రం ఆపి అంది, "ఊరందరి నోళ్ళలోకీ పళ్ళు పంపిస్తారు. మీ నోట్లోంచి ఒక్క మాట ఊడి పడదేం?"

"పని చూసుకోవే."

"చూసుకునే చెబుతున్నా. ఇవాళ్టితో గడువైపోతుందని రాత్రి కలవరించింది మీరే."

ఆయన విననట్టు నా పళ్ళు తెచ్చి నోట్లో పెట్టాడు. నోరు మూయబోతే కుడివైపు కొండలా తగిలింది. పైవరసకీ కిందివరసకీ పొత్తే లేదు. ఆయన వాటిని తీసి, వెలుతురుకి పట్టి తిరగేసి, మరగేసి చూశాడు. దవడ పళ్ళు కుడివి ఎడమకీ ఎడమవి కుడికీ పేర్చేశాడు. ఈ పనిలోకి వచ్చాక అలాంటిది జరగలేదట. వాటిని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని ఫోను తీశాడు.

ఇంట్లో కంప్యూటర్‌లో చిట్టా పాతది పైన, కొత్తది కింద ఉండేలా ఎప్పుడో పెట్టుకున్నాడు. ఫోన్లో అలా కాదు, కొత్తదే పైన. అది తెలియక కాదు. ఆ రోజు ఒక చేతికి తడి ప్లాస్టర్, అవతల ఫిర్యాదుదారుడి గోల. వేలికొసతో తోసుకుంటూ అలవాటు చొప్పున పై నుంచి చదివేశాడు. ఇప్పుడు అట్టడుక్కి పోయి అక్కణ్ణించి పైకి వచ్చాడు. వస్తూ వస్తూ సగంలో ఆగాడు.

"తుఫానే ముందొచ్చింది," అన్నాడు.

భార్య భుజం మీంచి తొంగిచూసింది. "మరి ఆవిడ రాళ్ళు పీకిందన్నారు?"

"పీకలేదే. ఏరింది. పడిపోయినవి ఏరి పక్కన పెట్టింది, మళ్ళీ కడదామని."

జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజు పని ఒత్తిడి అనీ, ఫిర్యాదుదారుడు కంగారుపెట్టాడనీ మొదట చాలా వచ్చింది. భార్య అదంతా చదివి, ఇందులో ఆవిడకి పనికొచ్చే ముక్క ఏదీ అంది. అన్నీ కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇది: "ఫోన్లో చూశాను. తలకిందులుగా చదివాను. తప్పు నాది, ఆమెది కాదు."

పంపాక నిమ్మళిస్తాడనుకున్నాను. ఆరాటం ఇంకా ఎక్కువైంది. నా పళ్ళు సరిచేస్తూ ప్రతి పన్నుకీ ఒకసారి ఫోను వంక చూశాడు. కబురు మర్నాడు వచ్చింది. వెలి ఎత్తేశారు. తప్పు తీర్పిచ్చినవాడు ఆట నడివీధిలో నోటీసు పెట్టి క్షమాపణ చెప్పాలని ఆనవాయితీ, చిట్టా పై నుంచి చదివేశానని రాసి పెట్టాడు. మళ్ళీ కబురు పంపేదాకా తీర్పులు చెప్పకూడదు, పేరు పక్కనుండే కాపలాదారు బిళ్ళ కూడా తీసేశారు. ఆయనకి అది పట్టలేదు. ఉప్పుబుట్ట ఇంకా రాలేదేమిటని మాత్రం పదిసార్లు అన్నాడు. అలిగి ఆట మానేసి ఉంటుందంటాడు. భార్య, ఆవిడకీ పనీపాటూ ఉంటాయి కదండీ అంటుంది.

సాయంత్రం నేను సంచీ సర్దుకుని పళ్ళ కోసం వెళ్ళేసరికి ఆయన ఫోను మీద వంగి ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆటలోని రేవులో ఉన్నారు. స్తంభం తిరిగి కట్టడానికి మనుషులు కావాలని ఉప్పుబుట్ట పిలుపిచ్చింది. ఈయన బొమ్మ ఎవరూ అడక్కుండానే ఒక రాయి మోసుకుపోయి వాళ్ళ ముందు నిలబడింది. తెర మీద ఉప్పుబుట్ట మాట పడింది.

"రండి అన్నయ్యగారూ. కిందనుంచి మొదలెడదాం, పై నుంచి వద్దు."

భార్య మెరుగుయంత్రం పక్కన కుర్చీలో కూలబడి నవ్వింది. పళ్ళాయన నవ్వలేదు. నా పళ్ళ డబ్బా నా చేతిలో పెట్టి, నోట్లో పెట్టి చూసుకో బాబాయ్ అంటూనే ఇంకో రాయికి పరిగెత్తాడు.