నా తమ్ముడి నడుము మీద నా కాలు

ఆ రోజు కార్తీక సోమవారం. మా ఊరికి ఎదురుగా తుంగభద్ర నడుమ ఒక ఇసుక తిప్ప ఉంది. ఆ నెలంతా కర్నూలు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ జనం పుట్టిలో నది దాటి అక్కడికి వస్తారు. వండుకుని తిని, సాయంత్రం దాకా ఆటలాడి పోతారు. తోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టిని ఎవరు ముందు ఒడ్డుకు చేరుస్తారని పందెం, పాయకు అడ్డంగా ఈత పందెం, ఇసుకలో చెడుగుడు. అన్నిటికంటే చివర గుండు ఎత్తడం. నా తమ్ముడు ఓబులేసు నాలుగేళ్ళుగా ఆ రాతిగుండును ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేస్తున్నాడు. ఆ రోజు మోకాళ్ళ దాకా ఎత్తి, మెల్లగా కింద పెట్టేశాడు.

“ఏమప్పా, ఈపొద్దు సంగటి తినలేదా?” అని ఎవరో ఎగతాళి చేశారు.

“చెయ్యి జారెలే” అని వాడూ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఇసుకలో పడిన టవలు తీసుకోవడానికి వాడు నడుము వంచలేదు. రెండు చేతులూ తొడల మీద ఆన్చుకుని, వీపు బిగబట్టి, గొంతుక్కూర్చుని తీసుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు ముసలాయనలా లేచాడు. చూశాను గానీ బెణుకు అనుకున్నాను.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని, అంటే కాళ్ళు ముందు బయటికి వచ్చినదాన్ని. నడుము పట్టేస్తే అలా పుట్టినవాళ్ళ చేత మూడు పొద్దులు పరగడుపున తొక్కించుకుంటే పోతుందని మా వైపు నమ్మకం. భర్త పోయాక పుట్టింటికి వచ్చి ఊరి బడిలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు, బడిలో దొరకని మర్యాద తిప్ప మీద దొరికేది. చెడుగుడులో పడినవాళ్ళూ ఈతలో నరం పట్టినవాళ్ళూ తుమ్మచెట్టు నీడన వరసగా బోర్లా పడుకునేవాళ్ళు. నేను కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఒక్కొక్కరినీ తొక్కుతూ పోయేదాన్ని. చదువుకున్నదాన్ని కదా, ఇదంతా ఉత్తదే అన్నట్టు పైకి నవ్వేదాన్ని. లోపల మాత్రం గర్వమే.

ఇంటికి వచ్చాక అమ్మ అంది: “ఊరందరికీ పనికొచ్చే కాలు తమ్మునికి పనికి రాదా?”

మూడు పొద్దులు తొక్కాను. కొంచెం తేలికగా ఉందన్నాడు. మళ్ళీ నొప్పి వచ్చింది, మళ్ళీ తొక్కాను. అలా నెల దాటింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొద్దస్తమానం మడి నీళ్ళలో ఉంటే జ్వరం రాదా అంది అమ్మ. మూడు ముద్దలు తినేవాడు ఒక ముద్దకు వచ్చాడు. మొలతాడు వదులైంది. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

ఒక రోజు పొద్దున వీపు మధ్యలో ఒక ఎముక గుబ్బలా పైకి లేచి కనిపించింది. పూస పక్కకు జరిగిందనీ, నొక్కితే సర్దుకుంటుందనీ అనుకున్నాను. మడమ పెట్టి నా బరువంతా మోపాను. లోపల ఏదో కుంగినట్టు నా కాలికి తెలిసింది. ఓబులేసు గట్టిగా ఊపిరి పీల్చాడు.

“నొప్పి పుట్టిందా, నాయనా?”

“లేదక్కా. బాగుండాది.”

రెండో రోజు చేను నుంచి వస్తూ ఎడమకాలి చెప్పు దారిలోనే వదిలేసి వచ్చాడు. చెప్పు యాడరా అంటే కాలి వైపు చూసుకున్నాడు. జారిపోయిన సంగతే వాడికి తెలియలేదు. వారం తిరక్కముందే రెండు కాళ్ళూ పడిపోయాయి. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి కర్నూలు తీసుకుపోయాం. అప్పుడు కర్నూలు రాజధాని. ఎక్కడ చూసినా ఆఫీసుల డేరాలే. వాటి మధ్య నుంచి మా బండి ఆసుపత్రికి చేరింది.

డాక్టరు ఎక్స్-రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత మా వైపు తిరిగి, “వీపు మీద ఎవరైనా తొక్కారా? గట్టిగా మర్దనా చేశారా?” అని అడిగాడు.

నేను నోరు తెరిచే లోపలే ఓబులేసు అన్నాడు: “లేద్సార్. గుండు ఎత్తినా, అంతే.”

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

“గుండుతో వచ్చేది కాదమ్మా ఇది” అన్నాడు డాక్టరు. “స్పైన్ టీబీ. రెండు వర్టిబ్రాలను తినేసింది. పుచ్చిన ఎముక కూలిపోయి స్పైనల్ కార్డ్‌ను నొక్కుతోంది. కాళ్ళు తిరిగి వస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేను.”

వాడి వీపు కొలతకు ప్లాస్టర్ బెడ్ పోశారు. అందులో వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. బిళ్ళలు, కడుపులో తిప్పే పి.ఏ.ఎస్. పొడి ఇచ్చేవాళ్ళు. ఇంజెక్షన్ల వల్ల చెవుల్లో ఒకటే హోరు అనేవాడు. నేను బడికి సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. తినిపించడం, కడగడం, బెడ్ పాన్ పెట్టడం, అన్నీ నేనే. గుండు ఎత్తిన చేతులతో ముఖం కప్పుకునేవాడు, నేను చూస్తున్నానని సిగ్గుతో.

ఒక మధ్యాహ్నం వార్డులో అందరూ నిద్రపోతుంటే అడిగాను: “డాక్టరు దగ్గర ఎందుకు దాచినావు?”

“చెప్తే నా కాళ్ళొస్తాయా? ఊరుకో అక్కా.”

ఊరుకున్నాను. వాడి మాటను మన్నించి ఊరుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఊరుకోవడం నాకు సుఖంగా ఉంది, అందుకే ఊరుకున్నాను.

నాలుగో నెలలో కుడికాలి బొటనవేలు కదిలింది. “రికవరీ మొదలైంది, ఓపిక పట్టండి” అన్నాడు డాక్టరు. నేనూ ఓబులేసూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏడ్చాం. ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. కింద వేసిన గుడ్డ ఎక్కడో ముడత పడింది. స్పర్శ లేని ఒళ్ళు కాబట్టి వాడికి తెలియలేదు. బెడ్ సోర్ అయ్యి, చీము పట్టి, చలిజ్వరం పట్టుకుంది. గుడ్డ పరిచింది నేనే. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కుడికాలు మెల్లగా తిరిగి వచ్చింది. ఎడమకాలు రాలేదు. కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. పిల్ల తరఫువాళ్ళను తప్పు పట్టలేను.

ఇప్పుడు ఓబులేసు కర్ర పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. వీపు గూని అయింది. కార్తీకంలో వాడిని పుట్టి ఎక్కించి తిప్పకు తీసుకుపోయేవాళ్ళు, ఆటల్లో తీర్పు చెప్పడానికి. గుండు ఎత్తబోయి నడుము విరిగినవాడని కొత్తవాళ్ళకు చూపించేవాళ్ళు. నేను మోకాళ్ళ నొప్పులని చెప్పి తొక్కడం మానుకున్నాను. అదీ అబద్ధమే.

పోయిన కార్తీకంలో తిప్ప మీద, కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక గుండు ఎత్తేవాడు నా ముందు బోర్లా పడుకున్నాడు. నావల్ల కాదు పొమ్మన్నాను.

“ఒక్కసారి కాలు పెట్టమ్మా. నెల దినాల నుంచి నొప్పి. మాపటికి జొరం గూడా వస్తాండాది. నువ్వు కాదంటే పక్కూర్లో ఇంకొకాయప్ప ఉండాడంట, ఆడికే పోతా.”

జ్వరం మాట వినగానే ఓబులేసు సాయంత్రపు జ్వరం గుర్తొచ్చింది. వాడు పక్క ఊరికి పోతాడు. అక్కడ ఇంకెవరో మడమ పెట్టి నొక్కుతారు. ఇక మోకాళ్ళ నొప్పుల సాకు పనికిరాదు. ఆటలు ఆగిపోయేలా గట్టిగానే చెప్పాను: “ఓబులేసు నడుము విరిచింది గుండు కాదు. లోపల రోగం ఉందని తెలీక నేను తొక్కినా. నా కాలి కిందే కుంగింది.”

అందరూ ఓబులేసు వైపు చూశారు. వాడు కర్ర తీసుకుని పుట్టి దగ్గరికి నడిచాడు.

 మూడో రోజు అన్నం దగ్గర అన్నాడు: “చెప్పకుంటే బాగుండె అక్కా. నీకోసం దాచినా అనుకుంటివి. నాకోసం గూడా. గుండు ఎత్తబోయి పడినానంటే అదొక మర్యాద నాకు. ఇప్పుడు అక్క తొక్కితే పడిపోయినోన్ని.”

 వాడికి మిగిలిన ఆ ఒక్క మర్యాదనూ నేనే తీసేశాను. ఇది తలచుకుంటే నా కాలి కింద ఎముక కుంగిన రోజు కంటే ఎక్కువ బాధగా ఉంది.

కోసిగి ఆయన నా మాట విని ఎక్స్-రే తీయించుకున్నాడు. అదే జబ్బు. ఎముక ఇంకా కూలలేదట. ప్లాస్టర్ వేశారు, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, కాళ్ళు బాగున్నాయి. ఆ కబురు చెబితే ఓబులేసు “మంచిదే” అన్నాడు, అంతే. మళ్ళీ కార్తీకం వచ్చింది. ఈసారి పుట్టి ఎక్కనన్నాడు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నెల దాటినా తగ్గని వెన్నునొప్పి, దాంతో పాటు సాయంత్రం జ్వరం ఉంటే ముందు ఎక్స్-రే తీయించండి. అది చూసి డాక్టరు చెప్పేదాకా ఆ వీపు మీద ఎవరి చెయ్యీ, ఎవరి కాలూ పడనివ్వకండి. అక్క కాలైనా సరే.