సూరయ్య చెప్పిన పాఠం

తండ్రిని తరగతికి తీసుకురావాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఇంత మంచి ఆలోచన తనకెన్నడూ రాలేదనుకుంది పద్మకుమారి. బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. తెలుగు మాస్టారు మురళీమోహన్‌తో కలిసి తొమ్మిదో తరగతికి వెట్టిచాకిరి గురించి చెబుతోంది. ఆయన పాత పాటలు ఏరుకొచ్చాడు, ఆమె చట్టాలు వివరించింది. పిల్లలు మాత్రం హాయిగా ఆవులించారు.

"కంబారిగా చేసినవాళ్ళెవరైనా వచ్చి చెబితే బాగుణ్ణు మేడమ్," అన్నాడు మురళీమోహన్. మనిషి మంచివాడు, పాఠం మీద ప్రాణం పెట్టేవాడు.

"మా నాన్న చేశాడు," అంది పద్మకుమారి. అత్తారింట్లో కూడా ఎన్నడూ అనని మాట అది. అనేశాక సంతోషమే వేసింది.

సూరయ్యను చిన్నప్పుడే తండ్రి తీసుకెళ్ళి ఒక కామందు ఇంట కంబారిగా వదిలేశాడు. కంబారి అంటే ఏడాది జీతగాడని పుస్తకాలు మర్యాదగా రాస్తాయి. జీతం సంగతి దేవుడెరుగు, జ్వరమొచ్చినా పడుకోవడానికి లేదు, మరో ఇంట పనికి పోవడానికి లేదు. పెళ్ళినాడు కూడా పశువులకు కుడితి పెట్టాకే పీటల మీద కూర్చున్నాడు. ఎద్దు తప్పిపోయిందని కామందు ఒకసారి ములుకర్రతో అతని వీపు చీరేశాడు. ఆ మచ్చ మీద నూనె రాస్తూ పెరిగింది పద్మకుమారి. అది ఈ పిల్లలకైనా తెలియాలని ఆమె పట్టుదల.

ఇస్త్రీ పంచెలో సూరయ్య వచ్చాడు. మురళీమోహన్ స్వయంగా కుర్చీ వేస్తే దర్జాగా కూర్చున్నాడు. మొదలుపెట్టేముందు, ఈ ప్రాంతపు పెద్దవాళ్ళ అలవాటు కొద్దీ, మాస్టారిని పలకరించాడు.

"నువ్వెవరి తాలూకా బాబూ?"

"జగన్నాధం నాయుడుగారి మనవణ్ణి. చిన్నప్పుడే ఊరొదిలి విజయనగరం వెళ్ళిపోయాం."

సూరయ్య గబుక్కున లేచాడు. భుజం మీది తువ్వాలు నడుముకు చేరింది. తండ్రి ఎన్నడూ పేరెత్తని ఆ కామందు ఇల్లు ఇదేనని పద్మకుమారికి అప్పుడు తెలిసింది. కూర్చోమని బతిమాలినా అతను కూర్చోలేదు.

అనిత అనే పిల్ల అడిగింది: "తాతా, నిన్ను కొట్టేవోరా?"

"కొట్టడమేటమ్మా! సొంత కొడుకునాగ సూసుకున్నారు. ఆయన ధర్మరాజు."

"నాన్నా, నీ వీపు మీద మచ్చ..." అంది పద్మకుమారి.

"సెట్టు మీంచి పడితే తగిలిందమ్మా." కళ్ళతోనే వేడుకున్నాడు. పిల్లలందరి ముందూ తండ్రిని అబద్ధాలకోరని ఎలా అంటుంది? పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

మురళీమోహన్ కళ్ళు తుడుచుకున్నాడు. "మా తాత ఇంత మంచివాడని ఇవాళే తెలిసింది మేడమ్. మీకెంతో రుణపడ్డాను."

ఇంటికెళ్ళే ఆటోలో ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"ఏటి నాన్నా, అలా సెప్పేసినావు?"

"ఆ బాబు పక్కన నువ్వు పని సెయ్యాల గదమ్మా."

"నాది గవర్నమెంటు ఉద్యోగం. ఆయన నన్నేటి సేస్తాడు?"

"నీకు తెల్దు," అన్నాడు సూరయ్య. "రేపు రెండో సెక్షనుకి కూడా రమ్మన్నారు. వస్తానన్నాను."

"రానని సెప్పలేకపోయావా?"

సూరయ్య కూతురి వంక వింతగా చూశాడు.

"ఆ ఇంటి బాబు రమ్మంటే, రానని ఎలాగంటానమ్మా?"