విప్పు, మళ్లీ కుట్టు

మా పెద్దమ్మ నోట తరచూ వినిపించే మాట ఒకటుండేది: “విప్పు, మళ్లీ కుట్టు.” రవికైనా, బొంతైనా కుట్టు వంకర పోతే ఆమె ఒప్పుకునేది కాదు.

అరవైలలో, వానల్లేని ఒక ఏడాది, ఇంట్లోని పెద్ద విదేశీ కారు సీట్లు చిరిగి పీచు బయటికొచ్చింది. ఆమె మామగారు బళ్లారిలో ఒక దొర దగ్గర కొన్న కారు అది. జట్కాలకు సీట్లు కుట్టే సాయిబును పిలిపించి, పెద్దమ్మ దగ్గరుండి కొత్త తోలు వేయించింది. కుట్టిన ప్రతి సీటునూ మోచేత్తో నొక్కి చూసేది.

“ఈడ గుంత పడతాండాది సాయిబూ. విప్పు, మళ్లీ కుట్టు.”

చివరికి కిటికీల పరదాలు మిగిలాయి. ఇంటి ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా మామగారు కట్టించిన మందపాటి నల్లగుడ్డ.

“వీటికి కొత్త గుడ్డ తేవాల్నా అమ్మా?” అన్నాడు సాయిబు.

పెద్దమ్మ వాటిని పీకి అతని ముందు పడేసి, ఏం చేయాలో మెల్లగా చెప్పింది.

లేపాక్షికి బయలుదేరిన రోజు పెదనాయన కారు చుట్టూ తిరిగి అరిచాడు. “పరదాలు యాడ?”

పెద్దమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉంది.

“పెండ్లయినకాడి నుంచి లేపాక్షికి పోతానే ఉండా. దోవ ఎట్లుంటాదో ఇంతవరకూ చూడలేదు.”

“నేనడిగింది పరదాలు!”

“ఈ సీటు లోపలేసి కుట్టించినా. కావాలంటే విప్పుకో. నేను మాత్రం దీని మీద నుంచి లేసేది లేదు.”