తల మట్టిలో, తోక నీళ్ళలో

ఆదివారం సాయంత్రం. మా పెరటి కలువ తొట్టి ఈ పూటకు బతికింది కాబట్టి మరిచిపోకముందే రాస్తున్నాను.

మధ్యాహ్నం తొట్టి అడుగు మట్టిలో దారప్పోగుల్లాంటి లేత ఎర్ర పురుగులు కనిపించాయి. కోడలు సుజాత బ్లీచింగ్ పౌడర్ డబ్బాతో వచ్చింది.

"జలగలత్తా! పిల్లోల్లు చేతులు పెడతా ఉండారు. ఈ పొద్దే సంపేస్తా."

"ఉండమ్మా, ముందు సూడనీ."

ఒకదాన్ని గాజు పళ్ళెంలో వేసి భూతద్దం పెట్టాను. ఒళ్ళంతా ఉంగరాలు, పక్కల సన్నని వెంట్రుకలు. జలగకు ఆ వెంట్రుకలుండవు. రెండూ అనెలిడా అనే ఉంగరాల ఒంటి పురుగుల వర్గమే అయినా, ఇది వానపాము శాఖ. డిగ్రీలో జంతుశాస్త్రం చదివే మనవరాలు హరిణి గబగబా బొమ్మ గీసి, ఒక కొసన వేళ్ళలా విచ్చుకున్న చోట "నోరు" అని రాసింది.

"అది తోక. ఆ వేళ్ళు మొప్పలు" అన్నాను.

"తోకతో ఊపిరా! మరి తల యాడుండాది అవ్వా?"

"మట్టిలో వదిలి సూడు, ఏ కొస దూరుతుందో."

వదిలింది. రెండో కొస మట్టిలోకి దూరింది, వేళ్ళ కొస నీళ్ళలో తీరిగ్గా ఊగింది. సుజాత డబ్బా కింద పెట్టింది.

"తల మట్టిలో పెట్టుకున్నది మనల్నేం కరుస్తుందిలే అత్తా!"

ఇక జరగాల్సినవి:

1. డబ్బా అలమరలోకి పోవాలి.
2. తొట్టిలో చేతులు పెట్టిన పిల్లలు సబ్బుతో కడుక్కోవాలి. జలగ కాకపోయినా బురద బురదే.
3. హరిణి రేపు కాలేజీకి పోయేలోగా బొమ్మ దిద్దాలి.
4. మీ తొట్లలోనూ ఇవి ఉంటే ఈ పోస్టు కింద రాయండి, తల ఎటువైపో చూసుకున్నాకే.