డెన్మార్క్ కుర్చీ మీద మా ఊరి తువ్వాలు

మా హారిక ఉద్యోగం ఖాయమైపోయిందండీ! సింగపూర్‌లోనే ఉంటుంది, పెట్టె సర్దుకోనక్కర్లేదు! ఈ మాట ముందు చెప్పేస్తే గానీ మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడేలా లేదు. ఇక నెమ్మదిగా మొదటి నుంచి చెబుతాను. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి సింగపూర్ వెళ్లే ఆలోచనలో ఉంటే దారి వివరాలు కూడా పనికొస్తాయి.

నేను తణుకు పక్కన ఉంటాను. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పదో తరగతితో చదువు ఆపేశాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. నేనూ, మా ఆవిడ రమణా సింగపూర్ చూడ్డానికి వెళుతున్నామని ఊళ్లో అందరికీ చెప్పాం గానీ, అసలు వెళ్లింది అమ్మాయి కోసం. హారిక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం వదిలేసి అక్కడే ఒక చిన్న సంస్థలో చేరింది. ఇప్పుడు డెన్మార్క్‌లో బొమ్మలు వేసేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు, కొత్తగా ఆలోచించేవాళ్లు ఏం చేస్తున్నారో ఇంగ్లీషు చదివేవాళ్లకి చెప్పడం ఆ సంస్థ పని. వ్యాసాలు రాస్తారు, ప్రదర్శనలు పెడతారు. తెలుగుపిల్ల సింగపూర్‌లో కూర్చుని డెన్మార్క్ సంగతులు ఇంగ్లీషులో చెప్పడమేమిటని మా బంధువుల్లో నవ్వనివాళ్లు లేరు. ఆర్నెల్లు పని చూసి ఖాయం చేస్తామన్నారట. ఆ గడువు చివర్లో ఒక ప్రదర్శన మొత్తం హారిక చేతిలో పెట్టారు. అది నిలబడితే ఉద్యోగం నిలబడుతుంది. లేదంటే అక్కడ పనిచేసే పర్మిట్ కూడా పోతుంది, ఇంటికి రావడమే. ఫోన్‌లో "బానే ఉన్నాను నాన్నా" అంటుంది గానీ ఆ గొంతు బాగున్న మనిషి గొంతు కాదు. రమణ ఒక్క పూట చూసి, "ఏవండీ, టికెట్లు తీయండి" అంది.

విశాఖపట్నం నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. వీసా ముందే తీసుకోవాలి, దిగబోయే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఒక కార్డు నింపాలి. అవి రెండూ అమ్మాయే చూసుకుంది. హారిక ఉండేది సెంబవాంగ్‌లో, ఊరికి ఉత్తరపు కొస. ఒకప్పుడు తెల్లవాళ్ల నౌకాదళం ఉన్న చోటు. ఇప్పుడు ఎటు చూసినా ఫ్లాట్లే, షిప్‌యార్డు మాత్రం ఉంది. అందులో మన ఆంధ్ర, తెలంగాణ కుర్రాళ్లు చాలామంది పనిచేస్తారు.

మేం దిగిన మర్నాడే ప్రదర్శనకి రెండో రోజు. పొద్దున్నే టిఫినుకని ఫ్లాట్ దగ్గరున్న హాకర్ సెంటర్‌కి వెళ్లాం. పెద్ద రేకుల షెడ్డు కింద వరసగా కొట్లు, మధ్యలో బల్లలు. దోసె, కాఫీ కలిపి మనిషికి నాలుగు డాలర్లు దాటలేదు. ఒక ఖాళీ బల్ల మీద ఎవరో టిష్యూ పొట్లం మరిచిపోయి కనిపించింది. బస్సులో వదిలేసిన గొడుగులూ క్యారేజీలూ డిపోలో అప్పగించిన చెయ్యి కదా ఇది, ఊరుకుంటుందా! తీసుకెళ్లి దోసెలు వేస్తున్న తమిళ పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన గరిటె పక్కన పెట్టి నెత్తి కొట్టుకున్నాడు. షిప్‌యార్డు కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో అందుకున్నాడు.

"అయ్యో సారూ, అది మరిచిపోయింది కాదు! చోప్, చోప్! సీటు పట్టేసినారు. తిండి తెచ్చేదానికి పోయినారు. మళ్లా ఆడనే పెట్టండి, తిడతారు!"

"టిష్యూ పెడితే సీటు తనదైపోతుందా?"

"అవుతాది లా! మీ ఊర్లో ఎట్ల పడతారు సీటు?" మాట చివర ఆ "లా" తగిలించడం అక్కడివాళ్ల అలవాటు.

"బస్సు కిటికీలోంచి తువ్వాలు విసురుతాం."

"మరి? ఈడ తువ్వాలు చిన్నది, అంతే!"

రమణ నవ్వు ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకుంది. "సర్వీసంతా తువ్వాళ్ల తగాదాలు తీర్చారు, ఇక్కడికొచ్చి మీరే తువ్వాలు పీకేశారు!" అంది. నేను పరుగెత్తుకెళ్లి పొట్లాన్ని బల్ల మీద పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. హారిక మాత్రం నవ్వలేదు. దోసె సగం వదిలేసింది.

సెంబవాంగ్ స్టేషన్ నుంచి సిటీ హాల్‌కి ఎర్ర లైను రైలు, మారే పని లేదు, ముప్పావు గంటలోపే తీసుకెళ్లిపోతుంది. రెండున్నర డాలర్లు ఇస్తే ఇంకా మిగులుతుంది. ఆ రైల్లో హారిక మనసు విప్పింది. ప్రదర్శన చివరి గదిలో మెట్టె అనే డెన్మార్క్ కళాకారిణి చేసిన పని ఉందట. ఒక పొడవాటి బల్ల, చుట్టూ ఇరవై నాలుగు కుర్చీలు, ఒకదానికొకటి పోలిక లేనివి. వాళ్ల దేశంలో ఒక వీధివాళ్లంతా, ముక్కూ మొహం తెలియనివాళ్లతో సహా, వారానికో రోజు ఒకే బల్ల దగ్గర భోంచేసే అలవాటు ఉందట. వంతులవారీగా వండుతారట. దాన్నే ఇక్కడ చేసి చూపించాలని ఆవిడ ఉద్దేశం.

"అయితే కూర్చోబెట్టి వడ్డించెయ్యొచ్చుగా తల్లీ!" అన్నాను.

"అదే కుదరదు నాన్నా. కూర్చోండి అని బోర్డు పెట్టకూడదు, ఎవరూ పిలవకూడదు. ఎవరంతట వాళ్లే కూర్చోవాలి. బల్ల నిండితేనే సూప్ బయటికొస్తుంది. ఆవిడ షరతు అది."

"మరి నిన్న ఏమైంది?"

"ఒక్కరూ కూర్చోలేదు. బొమ్మల ప్రదర్శనలో వస్తువు ముట్టుకుంటే తిడతారని భయం. ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. సూప్ అంతా మేమే తాగాం. ఇవాళ కూడా ఇంతే అయితే ఆ గది మూసేద్దామంది మా మేడం. గది మూస్తే నా పని కూడా..." అని కిటికీ వైపు తిరిగిపోయింది. మళ్లీ ఇటు తిరిగి, "మీరిద్దరూ మాత్రం కూర్చోకండి. అమ్మానాన్నల్ని పిలిపించి కూర్చోబెట్టానంటారు" అంది.

ప్రదర్శన సిటీ హాల్ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత మేడలో. పదకొండుకి తెరుస్తారు, టికెట్ లేదు. నాలాంటివాడికి ఏం అర్థమవుతుందిలే అనుకుంటూ వెళ్లాను గానీ, ఒక్కో గదిలో ఒక్కో ఆశ్చర్యం! ఒకచోట నగరం నడిబొడ్డున ఓడలు తిరిగే నీళ్లలోకి జనం దూకి ఈతకొడుతున్న ఫోటోలు. ఆ నీళ్లు అంత శుభ్రం చేసుకున్నారట. ఇంకోచోట పొద్దున్నే పనికి వెళ్లే ముందు ఒక హాలు నిండా మనుషులు కలిసి పాట పాడే సినిమా. వాళ్లలో గొంతు బాగోనివాళ్లు కూడా సిగ్గు పడటం లేదు! ఒక గోడ మీద పరీక్షలు లేని బడి గురించి రాశారు. పెద్దవాళ్లు కొన్ని నెలలు అక్కడే ఉండి చదువుకుంటారట, మార్కులుండవు, సర్టిఫికెట్టు కోసం కాదట. హారిక చదివి చెబుతుంటే నేను అక్కణ్నుంచి కదల్లేదు. పరీక్షలే లేకపోతే నేనూ ఇంకొన్నేళ్లు చదివేవాణ్నేమో! ఆ గోడ మీది ఇంగ్లీషు రాసింది మా అమ్మాయేనండీ. కింద చిన్న అక్షరాల్లో దాని పేరుంటే వేలితో తడిమి చూశాను.

చివరి గదికి వచ్చాం. బల్ల చుట్టూ ఓ పాతికమంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ కూర్చోలేదు. వెనక గదిలోంచి సూప్ వాసన వస్తోంది. కుర్చీలా, ఎంత అందంగా ఉన్నాయో! వంచిన కర్ర, అల్లిన తాడు. హారిక మేడం గోడవారన చేతులు కట్టుకుని చూస్తోంది. రమణకి మోకాళ్ల నొప్పి. "ఏవండీ, నిలబడలేకపోతున్నాను, బాత్రూముకి వెళ్లొస్తాను" అంది. అప్పుడు నా బుర్రలో తిరిగిన లెక్క ఇది: కాసేపట్లో వీళ్లంతా ఒక్కసారే కూర్చుంటారు, సూప్ వస్తుంది, నొప్పి కాళ్లున్న మా ఆవిడకి చోటు దొరకదు. కూర్చోవద్దంది గానీ తువ్వాలు వెయ్యొద్దని అనలేదు కదా! భుజం మీది తువ్వాలు తీసి, తాడల్లిన కుర్చీ మీద పరిచేసి, రమణతో పాటు బయటికి వెళ్లాను.

తిరిగొచ్చి చూద్దును కదా! నా తువ్వాలు పక్క కుర్చీలో టిష్యూ పొట్లం. దాని పక్కన గొడుగు. తర్వాత నీళ్ల సీసా, మెడలో వేసుకునే ఆఫీసు కార్డు, ఎవరిదో టోపీ. కుర్చీలన్నీ సామాన్లతో నిండిపోయాయి, మనిషి మాత్రం ఒక్కడు లేడు! హారిక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఆ తువ్వాలు నీదేనా? బల్లని లగేజీ గది చేశావు కదా!"

"అమ్మకి సీటని..."

"అయిపోయింది. అదిగో మెట్టె వస్తోంది."

వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, పొడుగాటి మనిషి. బల్ల చుట్టూ ఒకసారి నడిచి, నా తువ్వాలు దగ్గర ఆగి, ఇదెవరిదని అడిగింది. చెయ్యెత్తాను. నా సర్వీసులో చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ముందు కూడా అంత భయపడలేదు. ఇంతలో ఒక చైనీస్ ఆంటీ, మా ఈడుదే, గబగబా వచ్చి టిష్యూ పొట్లం తీసి ఆ కుర్చీలో కూర్చుండిపోయింది. "అంకుల్, మీరు చోప్ చేస్తే గానీ మాకు తెలియలేదు లా, కూర్చోవచ్చని! సూప్ ఎన్నింటికి?" అంది. హారిక తెలుగులో చెబుతుంటేనే ఇంకో ఇద్దరు వచ్చారు. గొడుగు మనిషి వచ్చాడు. సీసా అమ్మాయి వచ్చింది. తన సీటు ఎవరైనా తీసేస్తారేమోనన్న తొందరలో అందరూ చుట్టుపక్కల గదుల్లోంచి వచ్చేస్తున్నారు! చూస్తూ ఉండగానే బల్ల నిండిపోయింది, రమణ కుర్చీ ఒక్కటి తప్ప. అమ్మ కూర్చోవచ్చా అన్నట్టు హారిక మెట్టె వైపు చూసింది. ఆవిడే రమణ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

సూప్ వచ్చింది. పసుపు బఠాణీలది, మాంసం లేదని అడిగి తెలుసుకున్నాం. రమణ ఒక చెంచా తాగి, "పప్పుచారే, ఇంగువ మరిచిపోయారు" అని నా చెవిలో చెప్పింది. మెట్టె మాత్రం ఇంకా ఆ టిష్యూ పొట్లాన్నే చూస్తోంది.

"సామాను వదిలేసి వెళ్లిపోయారే, ఎవరూ తీసుకుపోరా?" అని ఆంటీని అడిగింది.

"ఎవరు ముట్టుకుంటారు? ముట్టుకుంటే చచ్చేట్టు తిడతాం!"

మా దేశంలో చంటిపిల్లల్ని బండిలో పడుకోబెట్టి కొట్టు బయట వదిలేసి లోపల కాఫీ తాగుతామని మెట్టె చెప్పింది. హారిక అది తెలుగులో చెప్పగానే రమణ చెంచా ఆగిపోయింది. "అమ్మో, పసిపిల్లనా! ఇంగువ లేకపోతే పోయింది, గుండె మాత్రం గట్టిదే వీళ్లది!" అంది. బల్లంతా ఒకటే నవ్వు. మీరు పిల్లల్ని వదులుతారు, వీళ్లు టిష్యూలు, మేం తువ్వాళ్లు అన్నాను. మెట్టె నా తువ్వాలు ప్రదర్శన అయ్యేదాకా ఆ కుర్చీ మీదే ఉంచమని అడిగింది. "ఉతికిందేనమ్మా, ఉంచుకోండి" అన్నాను. మేడం గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి, తనకో గిన్నె పోసుకుంది.

సాయంత్రం రైల్లో వస్తుంటే తోవా పాయో స్టేషన్ దాటాక హారిక ఫోన్‌కి మెసేజి వచ్చింది. చదివి నా చేతికిచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నాకు మూడు మాటలే తెలిశాయి గానీ ఆ మూడూ చాలు. ఉద్యోగం ఖాయం! నిండు రైల్లో అరిచేశానండీ. హారిక వాళ్లమ్మ భుజం మీద తలపెట్టి, సెంబవాంగ్ వచ్చేదాకా ఎత్తలేదు.

అసలు సంగతి ఏమిటంటే, నిలబెట్టింది మా అమ్మాయే. బల్ల తెచ్చింది, గోడ మీద మాటలు రాసింది, కుర్చీలు లెక్కగా సర్దింది. జనానికి కూర్చోవాలనే ఉంది, ముందెవరన్న బెరుకు ఒక్కటే. వేరే దేశపు కళ అంటే మనలాంటివాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోతాం, మనకెందుకులే అని. లోపలికి వెళితే అక్కడున్నవీ మనలాంటి మనుషుల సంగతులే. కలిసి తినడం, కలిసి పాడటం, నమ్మి వదిలెయ్యడం. వారం నుంచి గుండెల మీద బండరాయి ఉన్నట్టుండేది. రాత్రి హాయిగా నిద్రపోయాను. మీరు వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి: అక్కడ బస్సు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా చార్జీ కార్డు మిషన్‌కి తాకించాలి. మరిచిపోతే చివరి స్టాపు దాకా చార్జీ పట్టేస్తుంది, అడగడానికి కండక్టరు ఉండడు.

ఇక ఈ కబురు చెప్పాల్సినవాళ్లు. తణుకులో మా పెద్దక్క వరలక్ష్మికి రమణ చెబుతానంది. భీమవరంలో మా తమ్ముడు సత్యానికీ, మరదలు పద్మకీ. రాజమండ్రి బావగారికి, బ్యాంకు వదిలేసిందని ఆయన హారికతో మాట్లాడ్డం మానేశారు, ఆయనకి హారికే ఫోన్ చేస్తుంది. రమణ పిన్ని కొడుకు శివకి, ఖమ్మంలో ఉన్నాడు, వాడు మిగతా ఖమ్మం అంతా చెప్పేస్తాడు. కాకినాడ మేనత్తకి. హారిక అమ్మమ్మకి మాత్రం నేనే చెబుతాను. ఆవిడకి బాగా చెవుడు, గట్టిగా అరవాలి. సెంబవాంగ్‌లో ఈ ఫ్లాట్ల వాళ్లంతా వింటారు, విననివ్వండి.