భూలక్ష్మక్క పరుగు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా కాకినాడ చుట్టాలందరూ అంటారు. అలాంటి నాతో పదకొండేళ్ళుగా ఒక్క పోట్లాట కూడా లేకుండా నెగ్గుకొచ్చిన మనిషి భూలక్ష్మక్క ఒక్కతే. మాదాపూర్‌లో మా ఎలర్జీ క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. నేను రిసెప్షన్‌లో కూర్చుంటాను, ఆవిడ నర్సు. గజ్వేల్ వైపు మనిషి. కాలు ఒకచోట నిలవదు.

ఎలర్జీ తగ్గడానికి మా దగ్గర ఏళ్ళ తరబడి వేసే సూది ఒంటికి పడకపోతే సాధారణంగా అరగంటలోపే తెలిసిపోతుంది. దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుసుకుంటుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే సూది వేయించుకున్నవాళ్ళు అరగంట కూర్చొని మరీ వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆ అరగంట జైలుశిక్ష. మీటింగ్ ఉందంటూ లేవబోతారు. అందుకని సూది వేయగానే అక్క బాల్‌పెన్నుతో వాళ్ళ మణికట్టు మీద వెళ్ళాల్సిన టైము రాసేస్తుంది. "చేతి మీద చెరిగినా నా తలకాయల చెరగదు బిడ్డా, కూసో" అంటుంది.

కరోనా వచ్చింది. లాక్‌డౌన్ సడలించాక క్లినిక్ తెరిచాం గానీ వెయిటింగ్ హాల్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నారు మా డాక్టరు కృష్ణప్రియగారు. సూది వేయించుకొని కింద పార్కింగ్‌లో ఎవరి కార్లో వాళ్ళు కూర్చోవాలి. తేడాగా అనిపిస్తే మూడుసార్లు హారన్ కొట్టాలి. అక్క ఒళ్ళంతా కప్పే తెల్ల పీపీఈ కిట్టు వేసుకొని దిగి పరుగెత్తాలి. కార్లున్నవాళ్ళకు ఈ ఏర్పాటు బాగానే ఉంది.

సాయిలుకు కారు లేదు. కోకాపేటలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. యాభై దాటాయి. దుమ్ము పడక పొద్దున లేస్తే తుమ్ములే. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, కరోనా రోజుల్లో గేటు దగ్గర వాచ్‌మన్ తుమ్మితే ఊరుకుంటారా? ఇంకోసారి తుమ్మితే డ్యూటీకి రావద్దన్నారట. డాక్టరుగారు ఫీజు మాట ఎత్తకుండా సూదులు మొదలుపెట్టారు.

"నీకు హారన్ లేదాయె, ఎట్ల పిలుస్తవు సాయిలన్నా?" అని అక్క అడిగితే, అతను చొక్కా జేబులోంచి ఈల తీసి చూపించాడు. సరే, అదీ బాగానే ఉందనుకున్నాం. పార్కింగ్ మూలన కానుగ చెట్టు కింద అతనికో ప్లాస్టిక్ కుర్చీ వేయించాం.

నాలుగో వారం ఈల గట్టిగా వినబడింది. అక్క చేతిలో పని వదిలేసి మందుల డబ్బా పట్టుకొని పరుగెత్తింది. ఆ కిట్టులో మెట్లు దిగడమంటే గోనెసంచి తొడుక్కొని దిగడమే. నేను కిటికీలోంచి తొంగి చూశాను. సాయిలు నిక్షేపంగా నిలబడి, ఎవరిదో కారు వెనక్కి తీస్తుంటే చెయ్యి ఊపుతూ ఈల వేస్తున్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం మరి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇతనికి ఉద్యోగంతో వచ్చిన బుద్ధి కూడా అంతే.

అక్కకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "జర సోయి ఉండాలె అన్నా. నీ పానం మీదికొచ్చిందేమోనని ఉరికొచ్చిన. గిట్ల ఊకె ఊదితే ఇగ నేను రాను చూడు" అంది. నేనూ ఊరుకోలేదు, కిటికీలోంచే నాలుగు దులిపాను.

"తప్పైంది సిస్టరమ్మా" అన్నాడు సాయిలు. ఆ రోజు నుంచి కార్లకు ఈల మానేశాడు. నోటితోనే "రానియ్, రానియ్, బస్" అనేవాడు. ఆ కేక పైకి మాకు వినబడుతూనే ఉండేది.

ఆగస్టులో ఒక రోజు సాయిలు మణికట్టు మీద 11:40 అని రాసి కిందికి పంపింది అక్క. తర్వాతి మనిషికి మందు సిరంజిలోకి తీస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"ఉదయా, కింద కారు కదిలింది గద?"

"అవునక్కా, వెనక్కి తీస్తున్నారు."

"మరి సాయిలన్న గొంతు ఇనబడ్తలేదేంది?"

జవాబు కోసం ఆగకుండా మందుల డబ్బా అందుకొని పరుగెత్తింది. నేనూ ఆవిడ వెనకే పరుగెత్తాను. సాయిలు కుర్చీలో ముందుకు వంగిపోయి ఉన్నాడు. మెడ నిండా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. ఈల గుప్పిట్లోనే ఉంది. అక్క డబ్బాలోంచి విరుగుడు సూది తీసి, అతని ప్యాంటు మీదనుంచే తొడకు పొడిచింది. డాక్టరుగారు దిగి వచ్చేసరికి ఊపిరి కాస్త కుదుటపడింది.

"ఈల చేతులనే ఉండె గద, ఎందుకు ఊదలే?" అని అడిగింది అక్క.

"మొదలు ఉత్త దురదే అనుకున్న సిస్టరమ్మా. ఊకె ఊదితే మల్ల గా కిట్టేసుకొని ఎండల ఉరికొస్తవని..."

అక్క అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మొహానికి మాస్కు, దాని మీద అద్దం, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. నేను దులిపిన ఆ నాలుగు మాటలూ గుర్తొచ్చి నాకూ దుఃఖం ఆగలేదు. ఇవాళ తలచుకున్నా సిగ్గేస్తుంది.

"నీకు దండం పెడ్త అన్నా, ఊకెనే ఊదు. దినాం నూరుసార్లు ఊదు. నేను ఉరుకుత" అంది అక్క.

మోతాదు తగ్గించి సూదులు మళ్ళీ మొదలుపెట్టారు. సాయిలు ఈల వేసినప్పుడల్లా అక్క దిగేది. వెళ్ళి చూస్తే ప్రతిసారీ కారే. ఒక్కసారీ విసుక్కోలేదు.

మూడేళ్ళకు కోర్సు పూర్తయింది. అప్పటికి మాస్కులు పోయాయి, హాల్లోకి కుర్చీలు తిరిగి వచ్చాయి. సాయిలు మాత్రం ఏసీ పడదంటూ కిందే కూర్చునేవాడు. ఆఖరి సూది రోజు కూడా అక్క మణికట్టు మీద టైము రాసి పంపింది. సరిగ్గా అరగంటకు మూడుసార్లు ఈల వినబడింది. అక్కకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి, అయినా మెట్ల కమ్మీ పట్టుకొని ఉరికింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే పార్కింగ్‌లో ఒక్క కారూ కదలడం లేదు.

సాయిలు కుర్చీ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం గాలే సిస్టరమ్మా. టైమైంది. రేపటి సంది ఇగ రాను గద, ఒక్కసారి చూసి పోదమని ఊదిన."

అక్క రొప్పుతూ ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయింది.

"జర కూసో. నీ ఆయాసం తగ్గినంక పోత" అన్నాడు సాయిలు. అన్నట్టే, అక్క లేచేదాకా ఆ కుర్చీ పక్కనే నిలబడ్డాడు.